అడ్రినలిన్ గడప దాటడెందుకు?

ఒకప్పుడు మన ఒంట్లో ఏ ఇంటికీ తలుపు ఉండేది కాదు.

ఒంట్లో ఇళ్లేమిటని నవ్వకండి పిల్లలూ. బళ్లో కణాలు అని చెబుతారే, అవే ఆ ఇళ్లు. కంటికి ఆననంత చిన్నవి. మీ చిటికెన వేలి కొస మీద ఉన్న ఇళ్లను లెక్కపెట్టడం మొదలుపెడితే మీకు పెళ్లీడు వచ్చేస్తుంది, లెక్క మాత్రం తేలదు. ప్రతి ఇంటికీ కొవ్వుతో మెత్తిన గోడ. నడిమధ్యన ఒక లోపలి గది. ఆ గదిలో మెలికలు మెలికలుగా సన్నటి పోగులు. ఆ ఇల్లు ఎలా బతకాలి, ఏ పని చెయ్యాలి అన్నదంతా ఆ పోగుల్లోనే ఉంటుంది. అందుకే ఆ గదిని ప్రాణంలా చూసుకుంటారు.

వీధుల మధ్య నెత్తుటి కాలువ పారుతూ ఉంటుంది. ఎర్రగా, గోరువెచ్చగా, ఆగకుండా.

ఆ కాలువ వెంట వార్తలు మోసేవాళ్లు తిరిగేవారు. ఇప్పుడు మనం వాళ్లను హార్మోన్లు అంటున్నాం. ఒక చోట పుట్టి, ఇంకో చోటికి మాట తీసుకెళ్లడం వాళ్ల పని. క్లోమం నుంచి ఇన్సులిన్ బయలుదేరేవాడు. కాస్త బొద్దుగా, తాపీగా ఉండేవాడు. "భోజనాలయ్యాయమ్మా, చక్కెర లోపల పెట్టుకోండి" అని ఇంటింటికీ చెప్పి వెళ్లేవాడు.

అడ్రినలిన్ అలా కాదు. మూత్రపిండం నెత్తిన టోపీ పెట్టినట్టు ఒక చిన్న మేడ ఉంటుంది. ఆ మేడ లోపలి గదుల్లో పుట్టాడు వాడు. ప్రమాదం వస్తే ఊరంతా లేపడం వాడి ఉద్యోగం. నడవడం అనేది వాడికి తెలియదు, ఎప్పుడూ పరుగే. నిజానికి అడ్రినలిన్ అంటే ఒకడు కాదు, ఒకే పోలికతో కోట్ల మంది. మనం ఒకడి వెంటే వెళదాం. ఒకడు పడ్డ సిగ్గు అందరూ పడ్డట్టే కాబట్టి కథకు లోటు రాదు.

ఆ మేడ బయటి గదుల్లో వాడి పెదనాన్న కార్టిజాల్ ఉండేవాడు. నిదానస్తుడు. ఒళ్లంతా నూనె ఓడుతూ ఉంటుంది. అన్నట్టు, నూనె సంగతి ఇక్కడే చెప్పెయ్యాలి. హార్మోన్లలో కొవ్వు వంశం ఒకటి, నీళ్ల వంశం ఒకటి. కార్టిజాల్‌ది కొవ్వు వంశం. ఇంటి గోడలూ కొవ్వే కదా, చుట్టరికం ఉంది. ఆయన గోడకు భుజం ఆనిస్తే చాలు, మరుక్షణం లోపల ఉంటాడు. అడ్రినలిన్‌దీ ఇన్సులిన్‌దీ నీళ్ల వంశం. నూనె గిన్నెలో నీటి చుక్క వేసి చూడండి, ఎంత తిప్పినా కలవదు. వాళ్లకూ గోడకూ అంతే. మరి వాళ్లు లోపలికి వెళ్లేదెలా? అందుకని ఆ రోజుల్లో ప్రతి గోడకూ ఒక వాకిలి వదిలేవారు. తలుపు లేని వాకిలి.

ఆ దేశంలో ఒక మర్యాద ఉండేది. వార్త తెచ్చినవాడు వాకిలి దాటి, నడవ దాటి, లోపలి గది దాకా వెళ్లి, ఇంటి ఇల్లాలి చెవిలో తానే స్వయంగా ఆ మాట చెప్పాలి. ఆమె వాడి అరచేతిలో ఒక తీపి ముక్క పెట్టాలి. అది తిని రావాలి. ఎవరైనా గడప అవతలే నిలబెట్టి "ఏమిటి సంగతి?" అని అడిగితే అది పెద్ద అవమానం. అలాంటి ఇంటికి మళ్లీ ఏ హార్మోనూ వెళ్లేది కాదు.

అడ్రినలిన్‌కు ఆ మర్యాదంటే మహా పట్టింపు. ఎంత తొందరలో ఉన్నా తీపి ముక్క అడిగి మరీ తినేవాడు.

ఇదంతా జరిగింది పైడి అనే పిల్ల ఒంట్లో. మనుషులు అప్పుడప్పుడే మేకల్ని మచ్చిక చేసుకుంటున్న కాలం అది. పైడి కొండవాలున మేకల్ని మేపేది. తల్లి సన్యాసమ్మ కొండ దిగువన పాక దగ్గర ఉండేది. పైడికి తన ఒంట్లో ఇంత పెద్ద ఊరుందని తెలియదు. మనకు మాత్రం రోజూ గుర్తుంటుందా ఏమిటి!

ఆ ఊళ్లో అన్నిటికన్నా కలిగిన వీధి కాలేయం వీధి. అక్కడి ఇళ్లలో చక్కెర గింజల్ని దండలుగా గుచ్చి గాదెల్లో దాస్తారు. కష్టకాలంలో ఆ దండలు తెంపి, గింజల్ని కాలువలోకి వదులుతారు. కాళ్లకు పరుగెత్తే బలం అక్కడి నుంచే రావాలి.

ఆ వీధిలో ఒక ఇంట్లో గాదెమ్మ అనే ముసలమ్మ, ఆమె కూతురు నూకాలు ఉండేవారు. ఒకరోజు నూకాలు పురిటి గదిలో ఉంది.

కణాల ఇళ్లలో పురుడు మన ఇళ్లలో లాంటిది కాదు. అక్కడ ఇల్లే రెండు ఇళ్లవుతుంది. ముందు ప్రతి పోగుకూ జత పోగు వడుకుతారు. తర్వాత లోపలి గది గోడను కాసేపు విప్పేస్తారు. పోగుల జతల్ని ఇంటి నడుమన వరసగా పేర్చి, ఒకటి ఇటు, ఒకటి అటు, మెల్లమెల్లగా లాగుతారు. ఒక్క పోగు కూడా తెగకూడదు, చిక్కు పడకూడదు. అప్పుడు ఇంటి గోడ నడుము దగ్గర సన్నబడి, బిడ్డ ఇల్లు విడివడి, తన ఊపిరి తాను తీసుకుంటుంది. అంతసేపూ ఆ ఇంట్లోకి పరాయివాళ్లు అడుగు పెట్టకూడదు. గట్టిగా మాట్లాడినా ఒప్పుకోరు.

అందుకని గాదెమ్మ వాకిట్లో కాళ్లు చాపుకుని అడ్డంగా కూర్చుంది.

సరిగ్గా అప్పుడే కొండమీద పొద వెనక ఎండుటాకులు గలగలమన్నాయి. పైడి ఉలిక్కిపడింది. మెదడు నరం తీగను ఒక్క లాగు లాగింది. మేడలో గంట మోగింది. అడ్రినలిన్ కాలువలోకి దూకాడు.

"తప్పుకోండి! తప్పుకోండి! ప్రమాదం!" అని అరుస్తూ కాలేయం వీధికి వచ్చాడు. ఎదురుగా ఉన్నది గాదెమ్మ ఇల్లే.

"ఆగు నాయనా, ఆగు. లోపల పురుడు" అంది గాదెమ్మ.

"పులొచ్చేస్తోంది ముసలమ్మా! నీకు పురుడొకటి!"

"పులో పిల్లో, ఆ మాట నా చెవిన వెయ్యి. నేను లోపలికి చెబుతాను."

అడ్రినలిన్‌కు ఎక్కడలేని కోపం వచ్చింది. "నీ చెవినా? గడప మీద కూర్చున్నవాళ్లకు వార్త చెప్పి పోతే మా మేడలో నన్ను మనిషిగా చూస్తారా? నేను మెదడు పంపితే వచ్చినవాణ్ని. నన్ను బయట నిలబెడతావా?"

"అవమానం కాదయ్యా. ఈ ఒక్క పూట..."

వాడు వినలేదు. ఆమె చాపిన కాళ్ల మీదుగా ఒక్క గెంతు గెంతి లోపల పడ్డాడు. తడి కాళ్లతో, కాలువ నీళ్లు కారుతున్న ఒంటితో నేరుగా ఇంటి నడుమకు పరుగెత్తాడు. "ప్రమాదం! చక్కెర వదలండి!" అని గొంతు చించుకుని అరిచాడు.

నూకాలు చేతుల్లో అప్పటికి పోగులన్నీ సగం దాకా విడివడి ఉన్నాయి. ఆ అరుపుకు ఆమె పట్టు సడలింది. వాడి కాలికి ఒక పోగు చుట్టుకుంది. అది తెలుసుకునే లోపే వాడు ఇంకో అడుగు వేశాడు.

పోగు తెగింది. దాని వెంట ఇంకొకటి. మిగిలినవన్నీ చిక్కు పడిపోయాయి.

నూకాలు చేతిలో మిగిలిన పోగుల వంక చూస్తూ అలాగే కూర్చుండిపోయింది. గోడ నడుము దగ్గర సన్నబడింది, బిడ్డ ఇల్లు విడివడింది. కానీ ఊపిరి తీసుకోలేదు. కాసేపు చూశారు. తీసుకోలేదు.

అంతలో మేడ నుంచి ఇంకో వార్త వచ్చింది. పొద వెనక పులీ లేదు, ఏమీ లేదు. ఉడుమొకటి ఎండుటాకుల మీద పాకింది, అంతే. పైడి దాన్ని చూసి నవ్వుకుని, మేకల్ని అదిలించి, ముందుకు వెళ్లిపోయింది.

అడ్రినలిన్ ఆ ఇంటి నడుమ నిలబడి ఉన్నాడు. వాడి కాలికి తెగిన పోగు ఇంకా వేలాడుతూనే ఉంది. దాన్ని తియ్యాలో వద్దో వాడికి తెలియలేదు.

మర్యాద తప్పకూడదని కాబోలు, నూకాలు పక్కనున్న పళ్లెంలోంచి ఒక తీపి ముక్క తీసి వాడి ముందు పెట్టింది.

తిట్టినా బాగుండేది. కొట్టినా బాగుండేది. వాడు ఆ ముక్కను ముట్టుకోలేదు. వెనక్కి వెనక్కి నడిచి వాకిట్లోకి వచ్చాడు. గాదెమ్మ కాళ్లు ముడుచుకుని గోడకు తిరిగి కూర్చుంది. వాడు "అమ్మా" అన్నాడు. కాలువలోకి దిగి వెళ్లిపోయాడు.

అది మొదలు వాడు మేడలో ఒక మూలన, గోడకు మొహం పెట్టి కూర్చున్నాడు. ఎవరు పలకరించినా ఇటు తిరిగేవాడు కాదు.

పెదనాన్న కార్టిజాల్ వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"ఏరా, తిండి మానేశావట."

వాడు ఇంకాస్త మూలకు జరిగాడు.

"ఆ గంట మోగించింది నువ్వు కాదు కదరా."

"గంట నేను మోగించలేదు పెదనాన్నా. ముసలమ్మను దాటింది నేనే. ఆవిడ చెవిన వెయ్యమంది. వేస్తే నాదేం పోయేది?"

కార్టిజాల్ నూనె చేత్తో వాడి వీపు నిమిరి, మెల్లగా లేచి వెళ్లాడు.

ఊరు మాత్రం ఊరుకోలేదు. కాలేయం వీధి వాళ్లంతా కూడి వాకిళ్లు మూసేశారు. కొవ్వు తెచ్చి సందు లేకుండా మెత్తేశారు. ఆ వీధిని చూసి గుండె వీధి, దాన్ని చూసి చెంపల వీధి, ఊరూవాడా అందరూ అదే పని చేశారు. కొవ్వు వంశం వాళ్లు గోడలోంచి వస్తారు, పోతారు, వాళ్లతో గొడవ లేదు. నీళ్ల వంశం వాళ్లు ఇక రావద్దు. అంతే.

గాదెమ్మ ఇంటి వాకిలి మెత్తడానికి వచ్చినవాళ్లు "లెగమ్మా, లోపలికి పద" అన్నారు.

"నేను లెగను."

"మధ్యలో కూర్చుంటే ఎలా మెత్తేదే?"

"నా చుట్టూ మెత్తండి. కాపలా కూర్చుని ఒకడిని ఆపలేకపోయాను. కూతురికి ఏ మొహం చూపించను? ఈ గోడలోనే ఉంటాను. ఇంకెవడూ దాటడు."

ఎంత చెప్పినా వినలేదు. తన చీర కొంగు విప్పి, గోడలోంచి లోపలికీ, లోపల్నుంచి బయటికీ, మళ్లీ లోపలికీ ఏడు మెలికలు వేసి తనను తాను గోడకు కుట్టేసుకుంది. ఇక ఆమెను ఎవరూ పీకలేరు. ఒక చెయ్యి గోడ బయట కాలువ వైపు. కాళ్లు గోడ లోపల. ముసలమ్మ పంతం చూసి ప్రతి ఇంట్లోనూ ఒక పెద్దదిక్కు అలాగే గోడలో కూర్చుంది. కాపలాకు.

అందరూ ఒకే తీరున కూర్చోలేదనుకోండి. ఇన్సులిన్ తిరిగే ఇళ్లలో ముసలమ్మలు జంటగా కూర్చున్నారు. తర్వాతి కాలంలో వాడు వచ్చి తాకితే ఒకరి భుజం ఒకరు తట్టుకుని మరీ కబురు లోపలికి పంపేవారు. అదో ముచ్చట, అది చెబుతూ పోతే ఇక్కడే చీకటి పడుతుంది. పైడి దగ్గరికి వెళదాం.

చలి తగ్గి, కొండమీద మోదుగులు పూచే రోజులు. మందలో ఒక మేకపిల్ల కాలు కుంటుతోంది. పైడి దాన్ని భుజాన వేసుకుని నడుస్తోంది. ముందు మేకలు ఒక్కసారిగా ఆగిపోయాయి. బండ పక్కన చిరుతపులి. ఈసారి ఉడుము కాదు. తోక కొస మాత్రం కదులుతోంది.

మేడలో గంట మోగింది. తీగ తెగుతుందేమో అన్నంతగా మోగింది.

అడ్రినలిన్ గోడకు మొహం పెట్టే కూర్చుని ఉన్నాడు.

"లేవరా!" అన్నాడు కార్టిజాల్.

"నువ్వు వెళ్లు పెదనాన్నా. నీకు గోడలు అడ్డం రావు."

"నేను లోపలి గదికి వెళ్లి, పోగుల్ని బతిమాలి, పనివాళ్లను పుట్టించేసరికి పులి ఆ పిల్లను తిని, మూతి తుడుచుకుని, కునుకు కూడా తీస్తుంది. నాది నిదానం పనిరా. నీ కాళ్లే కావాలి."

"ఏ మొహంతో వెళ్లను?"

"మొహం లేకుండానే వెళ్లు. పిల్ల చస్తే నూకాలు ఇల్లు కూడా మిగలదు. ఆ ఇంటికి ఇంకో చావు నీ చేతుల మీదుగానే కావాలా?"

అడ్రినలిన్ లేచాడు. కాలువలోకి దిగాడు. ఈసారి తప్పుకోమని అరవలేదు. తల వంచుకుని పరుగెత్తాడు.

కాలేయం వీధిలో ఏ ఇంటికీ వాకిలి లేదు. గోడల్లోంచి ముసలమ్మల చేతులు మాత్రం బయటికి ఉన్నాయి. వాణ్ని చూడగానే ఒక్కొక్క చెయ్యి ముడుచుకుంది.

"ఎవరూ? పురిటి గదిలో దూకినోడా?"

"మళ్లీ ఏ ఉడుమొచ్చిందో అడగండే!"

"పో పో. ఇక్కడ నీకు తీపి పెట్టేవాళ్లు లేరు."

వాడు వీధి పొడుగునా నడిచి గాదెమ్మ ఇంటి ముందు ఆగాడు. ఊళ్లో ఏ ఇంటికైనా వెళ్లగలడు కానీ ఈ ఇంటికి రాలేడు. అయినా ముందు అడగాల్సింది ఇక్కడే అనిపించింది. ఈ చెయ్యి పట్టుకోకపోతే వీధిలో ఇంకే చెయ్యీ పట్టుకోదు.

గాదెమ్మ కళ్లు మూసుకుని ఉంది. చెయ్యి మాత్రం చాచి ఉంది. వాడు తన చెయ్యి మెల్లగా ఆ చేతిలో పెట్టాడు. చిత్రంగా సరిపోయింది. వేలు వేలికీ చోటు కుదిరింది.

గాదెమ్మ కళ్లు తెరవలేదు. "నువ్వే" అంది.

"నేనేనమ్మా."

ఆమె చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. వాడు గట్టిగా పట్టుకోలేదు. పోతే పోనిమ్మన్నట్టు వదులుగానే ఉంచాడు.

"లోపలికి రాను" అన్నాడు. "రానివ్వమని అడగడానికి రాలేదు. గడప బయటే ఉంటాను. ఆ రోజు నీ చెవిన వెయ్యమన్నావు, వెయ్యలేదు. ఇవాళ వేస్తున్నాను. చిరుతపులి. నిజంగా చిరుతపులి. పిల్ల కాళ్లకు బలం చాలదు."

"ఇది కూడా ఉడుమైతే?"

"అయితే మళ్లీ నా మొహం చూడకు. ఇప్పుడు మాత్రం ఎక్కడ చూస్తున్నావులే."

ముసలమ్మకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. వాడి చెయ్యి వణుకుతోంది. పరుగు వల్ల వచ్చే వణుకు ఆమెకు తెలుసు. ఇది అది కాదు. ఇంత సిగ్గుతో వచ్చినవాడు అబద్ధం మోసుకు రాడని ఆమెకు అనిపించింది.

"నిన్ను క్షమించానని అనుకోకు" అంది గాదెమ్మ.

"అనుకోనమ్మా."

ఆమె వాడి చేతిని గట్టిగా పట్టుకుంది. పట్టుకోగానే గోడలో కుట్టిన ఏడు మెలికలూ ఒక్కసారి బిగుసుకున్నాయి. నడుము తిరిగింది. ఇంటి లోపలున్న ఆమె కాలు జాడించింది.

ఆ కాలి దగ్గర, కాపలాకు తోడుగా, ఆ ఇంటి ముగ్గురు తోడికోడళ్లు ఒకరినొకరు ఆనుకుని కూర్చుని ఉన్నారు. కాలు తగిలింది పెద్దకోడలికి. ఆమె చేతిలో ఆరిపోయిన దివిటీ ఉంది. తన్ను తగలగానే దాన్ని అవతల పారేసి, వెలిగే దివిటీ అందుకుంది. మిగతా ఇద్దరినీ వదిలేసి గోడ వారనే పరుగెత్తింది.

గోడ చివర ఒకావిడ మంగలం పెట్టుకుని కూర్చుంటుంది. పేలాలు వేయించే కుండ. దివిటీ మంట మంగలానికి తగిలిందో లేదో, ధాన్యపు గింజలు టపటపా పేలడం మొదలుపెట్టాయి. తెల్లటి పేలాలు ఎగిరెగిరి ఇల్లంతా పడ్డాయి. నడవలో పడ్డాయి, గాదెల వెనక పడ్డాయి, నిద్రపోతున్న పనివాళ్ల మొహాల మీద పడ్డాయి. పేలం తగిలిన ప్రతివాడూ దిగ్గున లేచాడు. లేచినవాడు పక్కవాణ్ని తట్టాడు. వాడు ఇంకా పక్కనున్న వాళ్లను తట్టాడు.

పూర్వం అడ్రినలిన్ లోపలికి వచ్చి చెబితే ఒక ఇల్లాలు లేచి, ఆమె పనివాళ్లను పిలిచి, వాళ్లు గాదె తియ్యాలి. ఇప్పుడు బయట ఒక్క చెయ్యి తగిలితే లోపల మంగలమంతా పేలింది. ఇంత వేగం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. దండలు తెగాయి. చక్కెర గింజలు జలజలా కాలువలోకి దూకాయి.

లోపలి గదికి మాత్రం ఎవరూ వెళ్లలేదు. అక్కడ నూకాలు తెగిన పోగుల్ని ఒకదానితో ఒకటి ముడివేసుకుంటూ ఉంది. ఆమెను ఎవరూ కదిలించలేదు.

"గాదెమ్మే పట్టుకుంది. ఇక మనదేముంది?" అన్నారు వీధిలో. ముడుచుకున్న చేతులన్నీ చాచుకున్నాయి. అడ్రినలిన్ ఒక్కో చేతినీ తాకుతూ పోయాడు. ప్రతి చోటా తల వంచే నిలబడ్డాడు. గుండె వీధిలో చెయ్యి తగలగానే గుండె దడదడమంది. ఊపిరితిత్తుల వీధిలో గాలి దారులు వెడల్పయ్యాయి. కళ్ల వీధిలో కంటిపాపలు విచ్చుకున్నాయి. ఏ గోడా దాటలేదు, ఏ గదీ చూడలేదు.

పైడి పరుగెత్తింది. ఆ పిల్ల అలా పరుగెత్తడం ఆ కొండ ఎప్పుడూ చూడలేదు. మేకలు చెల్లాచెదురైపోయాయి. చిరుత వెనకే వస్తోంది. ముందు నిలువుగా ఒక బండ. అది ఎక్కితే అవతల పాక, మనుషులు, మంట. ఎక్కాలంటే రెండు చేతులూ కావాలి.

ఒక చెయ్యి మేకపిల్లను పట్టుకుని ఉంది.

పైడి ఆ చెయ్యి వదిలేసింది.

బండ ఎక్కింది. దాని వెనక ఏం జరిగిందో ఆమె చూడలేదు. చప్పుడు మాత్రం విన్నది.

ఒంట్లో ఊరంతా పండగ చేసుకుంది. దివిటీలు వాటంతట అవే ఆరిపోయాయి. పెద్దకోడళ్లు తిరిగి వచ్చి తోడికోడళ్ల పక్కన చేరారు. మంగలాలు చల్లారాయి. కాలేయం వీధి వాళ్లు అడ్రినలిన్‌ను పిలిచారు.

"అలిసిపోయావు. లోపలికి రా నాయనా. గోడ కాస్త తొలిచి వాకిలి తెరుస్తాం. తీపి తిని వెళుదువు."

"వద్దు" అన్నాడు వాడు. "నాకు బయటే బాగుంది."

"అదేమిటి, బయట నిలబెడితే నీకు అవమానం కదా?"

"అది అవమానం అనుకున్నందుకే కదా అంత పని చేశాను."

గాదెమ్మ చేతిని కాసేపు గోడలోకి ముడుచుకుంది. గట్టిగా పట్టుకుని పట్టుకుని నొప్పి పుట్టింది. ఇప్పటికీ అంతే, ఊరికే పదే పదే తాకితే ఆ పెద్దవాళ్లు చేతులు లోపలికి లాగేసుకుంటారు. విసుగన్నది అందరికీ ఉంటుంది.

మేడలో వాడి తోటివాళ్లు మొదట నవ్వారు. ఇన్సులిన్ కూడా కాలువలో ఎదురై, "గడప బయట నిలబడి వచ్చావటగా?" అని అడిగాడు.

"ఆ ఇంట్లో తెగిన పోగులు చూసి రా. తర్వాత మాట్లాడు" అన్నాడు అడ్రినలిన్.

గోడలోంచి చూడటానికి ఇన్సులిన్‌కు దారి లేదు. అయినా ఆ మాటన్న మొహం చూశాడు. అది చాలింది. మరునాటి నుంచి వాడూ బయటే నిలబడి కబురు చెప్పడం మొదలుపెట్టాడు. వాణ్ని చూసి నీళ్ల వంశం వాళ్లంతా అదే పద్ధతికి వచ్చారు.

ఇక పైడి సంగతి. సాయంత్రం మనుషులు దివిటీలు పట్టుకుని కొండెక్కి మేకల్ని తోలుకొచ్చారు. సన్యాసమ్మ పాక ముందు నిలబడి మందను చూసింది. అన్నీ ఉన్నాయి. ఒకటి లేదు.

"కుంటిది ఏదే?" అంది, ఊరికే, మాట వరసకు.

పైడి తల దించుకుంది. పులి లేదు అక్కడ. ప్రాణభయం లేదు. తల్లి కోప్పడలేదు కూడా. "నువ్వొచ్చావు, నాకదే చాలు" అని దగ్గరకు తీసుకుంది. అయినా పైడికి ఎక్కడన్నా దాక్కోవాలనిపించింది. వదిలేసిన చెయ్యిని వీపు వెనక్కి పెట్టుకుంది.

మెదడుకు ఏం తోచిందో, మళ్లీ నరం తీగ లాగింది. మేడలో గంట మోగింది.

అడ్రినలిన్ కాలువ వెంట వచ్చాడు. కాలేయం వీధిలో ఆగినా ఒకటి రెండు చేతుల్నే తాకాడు. గుండె వీధిలో తాకాడు. అక్కడి నుంచి చెంపల వీధికి వచ్చాడు. అక్కడ గోడలో కూర్చున్న పెద్దావిడ వాడి చెయ్యి అందుకుంది.

"ఏమిటి నాయనా, మళ్లీ పులా?"

"పులి లేదమ్మా."

"మరి?"

"పిల్ల ఒక చెయ్యి వదిలేసింది. సిగ్గుపడుతోంది. నువ్వేం చెయ్యాలో నాకు తెలియదు. ఒక్కదాన్నే ఉంచకండి, అంతే."

పెద్దావిడ ఆలోచించింది. పరుగెత్తే పని లేదు, పోట్లాడే పని లేదు. ఆమెకు చేతనైంది ఒక్కటే. లోపల కాలు జాడించింది. చెంపల వీధిలో నెత్తుటి కాలువ వెడల్పయింది. వెచ్చటి నెత్తురు నిండుగా వచ్చి చర్మం కింద నిలిచింది.

సన్యాసమ్మ కూతురి మొహం పైకెత్తి చూసింది. చెంపలు మోదుగుపువ్వుల్లా ఉన్నాయి. చెయ్యి వేస్తే వేడిగా తగిలాయి. ఆ చేతిని అక్కడే ఉంచింది.

అప్పటినుంచే నీళ్ల వంశం హార్మోన్లు ఏ కణం గడపా దాటవు. గోడలో కూర్చున్న పెద్దల చేతిలో చెయ్యి పెట్టి, మాట చెప్పి, తల వంచుకుని వెళ్లిపోతాయి. లోపల జరగాల్సింది లోపలే జరుగుతుంది. మనం తప్పు చేసి తల దించుకున్నప్పుడు, ఎవరూ తిట్టకపోయినా, గుండె దడదడలాడి చెంపలు ఎర్రగా వేడెక్కేదీ అప్పటినుంచే. లోపల ఎవరో, ఆ సిగ్గు ఎలా ఉంటుందో బాగా తెలిసినవాడు, గోడ బయట నిలబడి చెయ్యి చాచాడన్నమాట.